తీగ, కొయ్య, విద్యుత్తు: మార్పులు చేసిన గిటారును గుఱించి అపోహలు – వాస్తవములు

విద్యుత్ గిటారు మన ప్రాంతమునకు పరాయి వాద్యమని యిప్పుడెవ్వరును అనజాలరు. నిజామాబాదు పట్టణపు ప్రార్థనామందిరములలోను, బోధను పరిసరములందలి పెండ్లి ఆర్కెస్ట్రాలలోను, సిరికొండ వంటి మండల కేంద్రములలో జరుగు పండుగ వేదికలమీదను అది కీబోర్డు ప్రక్కన నిలిచి శ్రోతలకు చిరపరిచితమైపోయినది. అయితే వాద్యము వచ్చినంత వేగముగా దానిని బాగుచేయు నేర్పు రాలేదు. కొన్ననాటి రూపమున నుంచక పికప్పులను మార్చి, బ్రిడ్జిని మార్చి, మీటలను చేర్చి తమ యిష్టానుసారము దానిని తీర్చుకొనువారు పెరుగుచుండగా, ఆ మార్పులవెంట వచ్చు దోషములను గుఱించి చేతినుండి చేతికి, నోటినుండి నోటికి పాకిన మాటలే శాస్త్రముగా చెల్లుచున్నవి. ఆ మాటలన్నిటికిని మూలమైన భ్రమ యొక్కటే: దోష మెచ్చట వినబడునో కారణ మచ్చటనే యుండునని తలచి, ఆ భాగమును మార్చినంతనే పని ముగిసినదని సంతృప్తి నొందుట. తీగల బిగువు, కొయ్య స్వభావము, గాలిలోని తేమ, గోడలోని విద్యుత్తు అను నాలుగింటి నడుమ నిలిచిన యీ వాద్యమునందు ఒకచోటి రోగము వేఱొకచోట మూలుగుచుండును. కావున ముందు కొలత, పిదప పనిముట్టు అను క్రమమును మనసునం దుంచుకొని, ప్రచారములోనున్న కొన్ని అపోహలను పరిశీలింతము.

అపోహ 1: కంపెనీ అమర్చిన రీతిని మార్చిన వాద్యము చెడిపోవును.

వాస్తవము: మార్పు దోషము కాదు, మార్పు తరువాత చేయవలసిన సవరణలను విస్మరించుటయే దోషము. ఇందుకు మన తెలుగునాటనే మహోన్నతమైన నిదర్శన మున్నది. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుండు పాశ్చాత్య మాండొలినును విడిచి, ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండొలినును చేపట్టి, కర్ణాటక సంగీతములోని గమకములను దానిమీద నిర్దుష్టముగా పలికించిరి. జంట తీగలను ఒకే వ్రేలితో లాగి గమకము పలికించుట దుర్ఘటమగుటచేత, ఒంటి తీగలకు మారుట అలంకారముకొఱకు గాక సంగీతావశ్యకతచే జరిగినది. ఆయనతో అనేక వేదికల నలంకరించిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అంతకుముందే, 1970ల నడుమ, శక్తి అను సంగీత బృందముకొఱకు మెట్ల నడుమ కొయ్యను దోనెవలె తొలిచిన గిటారును ప్రత్యేకముగా చేయించుకొనెను. ఆంగ్లదేశమున గిటారిస్టు బ్రయాన్ మే తన తండ్రితో కలిసి 1963లో ఆరంభించిన గిటారుకు పాత పొయ్యిగూటి కొయ్యతో మెడను చెక్కి, మోటారు సైకిలు వాల్వు స్ప్రింగులను బ్రిడ్జికి అమర్చి, దశాబ్దములపాటు దానినే వాయించెను. ఈ మువ్వురి వాద్యములును అంగడిలో దొరకిన రూపమునందు లేవు. అయినను తీగల సంఖ్య మారినప్పుడు మెడపై బిగువు మారును. తీగల లావు మారినప్పుడు మెడ కొనయందు తీగలు ఆను నట్‌లోని గాడులు చాలవు. బ్రిడ్జి మారినప్పుడు తీగల ఎత్తు మారును. ఈ పర్యవసానముల నెఱిగి మార్పు చేసినవాని వాద్యము వర్ధిల్లును. తొలగించిన పాత భాగములను పాఱవేయక భద్రపఱచుట మఱువరాదు. అమ్మవలసి వచ్చిన నాడు వాటికిని వెలయుండును.

అపోహ 2: గట్టి కొయ్యతో చేసిన విద్యుత్ గిటారుకు వాతావరణముతో పనిలేదు, ఆ బాధ బోలు గిటారులకే.

వాస్తవము: బోలు గిటారు పగులునంత తేలికగా గట్టి దేహము పగులదనుట నిజమే. కాని మెడ మాత్రము ఎందైనను కొయ్యయే. కొయ్య పొడవునకు అంతగా మారక, అడ్డముగా ఉబ్బుచు కుంచించుచు నుండును. వేసవి యెండలలో మన జిల్లాలో గాలి ఆరిపోయినప్పుడు మెడమీది పలక సన్నబడును. లోహపు ఫ్రెట్లు, అనగా మెట్లు, సన్నబడవు. అందుచే వాటి కొనలు పలక అంచునుండి బయటికి పొడుచుకొని వచ్చి, చేయి జరిపినపుడెల్ల గీచుకొనును. దానిని తయారీలోని లోపమని నిందించుట అన్యాయము. వర్షాకాలమున అదే మెడ తేమను పీల్చి, తన వంపును మార్చుకొనును. సాపేక్ష తేమ నూటికి 45 మొదలు 55 వఱకు నుండుట గిటారుకు హితమని సాధారణముగ చెప్పుదురు. మన ఋతువులు ఆ రెండు హద్దులను ఏటేట దాటుచునే యుండును.

ఇంతకంటె గమనింపవలసినది కూలరు. వైశాఖమాసమున నిజామాబాదు ఇండ్లలో రాత్రియంతయు తడి గాలిని వీచు కూలరుకు ఎదురుగా గిటారును గోడకు వ్రేలాడదీసి, పగలు దానిని నిలిపివేసి గదిని కాగనిచ్చినచో, ఒక్క దినములోనే ఆ కొయ్య వానకాలమును, గ్రీష్మమును రెండింటిని అనుభవించును. మూసిన కారులో మధ్యాహ్నము విడుచుటయు, బస్సు పైకప్పుమీద వేయుటయు ఇంతకన్న ప్రమాదకరములు. అంతటి వేడిమికి జిగురు సైతము సడలవచ్చును. వాయించనివేళ గట్టి పెట్టెలో నుంచుట సులభమైన రక్షణము. మన వైణికులకు ఈ సంగతి క్రొత్త కాదు. బొబ్బిలి వీణను ఒకే పనసకొయ్యతో తొలిచినను, దాని 24 మెట్లు మైనముమీద నిలుచుటచే, ఎండకు మైనము మెత్తబడి మెట్లు కదలినపుడు మేళము మరల కట్టించుకొనవలెనని వారు తరతరములుగా నెఱుగుదురు. వాద్యము ఋతువులతో పాటు మారుననెడి ఎఱుక మన సంప్రదాయములోనిదే. గిటారు విషయమున మాత్రము మనమది మఱచితిమి.

అపోహ 3: తీగలు ఎత్తుగా నున్నచో మెడలోని ట్రస్ రాడ్‌ను బిగించిన చాలును.

వాస్తవము: ఇది వాద్యములను పాడుచేసిన అపోహలలో అగ్రగణ్యము. మెడలోపల నుండు ఆ ఉక్కు కడ్డీ తీగల ఎత్తును నిర్ణయించుటకు గాక, తీగల లాగుడుకు ఎదురొడ్డి మెడ వంపును నిలుపుటకు ఏర్పడినది. సాధారణమైన 10–46 తీగల జత శ్రుతిలో నున్నపుడు మెడపై సుమారు 46 కిలోల బలము పడును. ఇంత బలమును నిత్యము మోయు కొయ్య కొంచెము ముందునకు వంగుట సహజము. అత్యల్పమైన వంపు అవసరము కూడ. మొదటి ఫ్రెట్‌ను, చివరి ఫ్రెట్‌ను నొక్కి పట్టి, ఏడవ లేక ఎనిమిదవ ఫ్రెట్‌కును తీగకును నడుమ నుండు ఖాళీని చూడవలెను. అది మిల్లీమీటరులో పదింట 2, 3 వంతులు, అనగా 0.2 మొదలు 0.3 మి.మీ. వఱకు నున్నచో మెడ ఆరోగ్యముగ నున్నట్లు. విజిటింగు కార్డు మందమును కొలబద్దగా వాడుకొనవచ్చును. ఖాళీ ఎక్కువైనచో గడియారము తిరుగు దిశకు, తక్కువైనచో ఎదురు దిశకు, ఒకమాటునకు పావు చుట్టుకు మించక తిప్పి, తీగలను మరల శ్రుతి చేసి, కొయ్య సర్దుకొనుటకు వ్యవధి నిచ్చి మరల కొలవవలెను. కడ్డీ మొరాయించినచో బలము ప్రయోగింపక నిలుపుటయే వివేకము. మెడ సరియైన పిదపనే బ్రిడ్జి వద్ద తీగల ఎత్తును, ఆ పిదపనే నట్ గాడుల లోతును చూడవలెను. ఈ క్రమము తలక్రిందులైనచో ఒక సవరణ మఱియొకదానిని చెఱుచుచు పోవును.

అపోహ 4: శ్రుతి నిలువకున్నచో ట్యూనింగ్ కీలు మార్చవలెను.

వాస్తవము: కీలు దోషులగుట అరుదు. క్రొత్తగా లావు తీగలు వేసిన గిటారులో తీగ నట్ గాడిలో ఇఱుకుకొని, లాగినప్పుడు జరిగి, విడిచినప్పుడు తిరిగి రాకుండుట తఱచైన కారణము. శ్రుతి చేయునపుడు 'టిక్' మను శబ్దము వినబడినచో ఆ గాడియే దోషి. మెత్తని పెన్సిలు ముల్లును గాడిలో రాచిన తాత్కాలిక నివారణ మగును. తగిన ఆకురాయితో గాడిని విస్తరింపజేయుట శాశ్వత నివారణము. కీకి తీగను అజాగ్రత్తగా చుట్టుట మఱొక కారణము.

ఖాళీ తీగ శ్రుతిలో నుండి, పై ఫ్రెట్లలో మాత్రమే అపస్వరము పలికినచో అది వేఱు వ్యాధి. పండ్రెండవ ఫ్రెట్ తీగ పొడవును సగము చేయవలెను. అచ్చట నొక్కిన స్వరము హెచ్చుగా పలికినచో బ్రిడ్జిమీది ఆనుమెట్టును వెనుకకు జరిపి తీగను పొడిగింపవలెను. తగ్గుగా పలికినచో ముందునకు జరుపవలెను. తీగల లావు మార్చినపుడెల్ల ఈ పని చేయవలసినదే. పాత తీగలతో ఈ పరీక్ష చేయుట వ్యర్థము. చెమటతో తుప్పుపట్టిన తీగ తనంత తానే అపస్వరము పలుకును.

అపోహ 5: పికప్ ఎంత శక్తిమంతమైనదో, తీగకు ఎంత దగ్గఱగా నున్నదో, నాద మంత గొప్పది.

వాస్తవము: పికప్‌లోని అయస్కాంతము తీగ కంపనమును గ్రహించుటయే గాక, మితిమీరి దగ్గఱైనచో తీగను తనవైపు లాగి, కంపనమును త్వరగా అణచి, ఒకే తీగలో రెండు స్వరములు కొట్లాడునట్టి వికృతధ్వనిని పుట్టించును. చివరి ఫ్రెట్‌ను నొక్కి పట్టి, తీగకును పికప్‌కును నడుమ 2, 3 మి.మీ. దూరమునుండి ఆరంభించి, చెవి చెప్పినట్లు సవరించుకొనుట మేలు.

ఒంటిచుట్టు పికప్పును తీసి, జంటచుట్టు హంబకర్‌ను వేయుట మనవారికి ప్రీతిపాత్రమైన మార్పు. మార్చిన పిదప నాదము మందముగ నున్నదని పికప్పునే దూషింతురు. ఒంటిచుట్టుకు 250 కిలో ఓముల వాల్యూము పాట్, హంబకర్‌కు 500 కిలో ఓములది వాడుట వాడుక. పాతదానినే విడిచినచో పైస్వరములు సన్నగిల్లును. మీట తిప్పునపుడు చిటపటలాడుటకు సైతము మార్పిడి అవసరము లేదు. విద్యుత్ సంధులకొఱకే చేసిన కాంటాక్టు క్లీనరును లోపల చిమ్మి, పలుమాఱులు ఇటునటు తిప్పిన చాలవఱకు శాంతించును. బ్యాటరీతో పనిచేయు పికప్పులున్నవారు వాయించుట ముగియగనే కేబులును తీసివేయవలెను. అది గ్రుచ్చియున్నంతసేపు 9 వోల్టుల బ్యాటరీ ఖర్చగుచునే యుండును.

అపోహ 6: గుఱ్ఱుమను రొద గిటారు లోపమే, రొద ఆపుటకు ప్లగ్గులోని మూడవ కాలును తీసివేయవచ్చును.

వాస్తవము: ఈ మాటలోని రెండవ సగము ప్రాణాంతకము. గిటారు తీగలు బ్రిడ్జి ద్వారా, కేబులు ద్వారా ఆంప్లిఫయరు ఎర్త్‌కు కలుపబడియుండును. 1972లో స్వాన్సీ నగర వేదికపై లెస్ హార్వే అను గిటారిస్టు ఎర్త్ లేని మైక్రోఫోనును తాకి మరణించెను; యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో ఎర్త్ సరిగాలేని గిటారు వలననే అసువులు బాసెను. మూడవ కాలు రొదను తెచ్చుటకు కాదు, ప్రాణమును కాచుటకున్నది.

ఇక రొద మాట. మన విద్యుత్తు 230 వోల్టులది, సెకనుకు 50 ఆవృత్తులది. ఒంటిచుట్టు పికప్ సమీపమందలి ట్రాన్సుఫార్మరుల అయస్కాంతక్షేత్రమును గ్రహించి హమ్మనును. నిలిచిన దిశ మార్చగా రొద తగ్గినచో అది ఇట్టిదే. 1950లలో సెత్ లవర్ గిబ్సన్ సంస్థలో రూపొందించిన హంబకర్ దానికి పరిష్కారము. ఫ్యాను రెగ్యులేటరు, చౌక ఎల్‌ఇడి దీపము, ఇన్వర్టరు పుట్టించు జిరజిర రొద వేఱు జాతిది. తీగలను తాకగనే అది తగ్గినచో గిటారులోని ఎర్త్ తీగ బాగుగనే యున్నది. లోపలి గుంతకు రాగి రేకు అంటించి, దానిని ఎర్త్‌కు కలిపినచో ఉపశమనము కలుగును. తాకినను మార్పు లేనిచో బ్రిడ్జికి వెళ్ళు తీగ ఊడిపోయెనేమో చూడవలెను. తాకినప్పుడు చుఱుక్కుమన్నచో వెంటనే ప్లగ్గు తీసి, గిటారును గాక గోడను పరీక్షింపవలెను.

మన పల్లెటిండ్లలో ఉప్పు, బొగ్గు వేసి పాతిన ఎర్తింగు గుంత వేసవిలో ఎండిపోయి నిరుపయోగ మగుట కద్దు. నీరు పోయుట నియమముగ పెట్టుకొనవలెను. పెండ్లి పందిళ్ళలో జనరేటరుమీద వాయించువారు మఱింత జాగరూకులై, పాటకు ముందు మల్టీమీటరుతో మైకు జాలికిని గిటారు తీగకును నడుమ వోల్టేజిని కొలువవలెను. అది సున్నకు సమీపముగ లేనిచో మైకును పెదవులకు చేర్పరాదు. విద్యుత్తు దారితప్పినంతనే సరఫరాను తెంచు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని స్విచ్చిబోర్డునకు అమర్చించుట కొత్త పికప్ వెలకంటె ముందు చేయదగిన వ్యయము.

అపోహ 7: మెడకు నూనె ఎంత రాసిన అంత మంచిది, తీగలన్నింటిని ఒకేమాఱు తీసిన మెడ విఱుగును.

వాస్తవము: ఇరుగుడు, నల్లమ్రాను వంటి పూతలేని పలకలకు ఏడాదికి ఒకటి రెండుమాఱులు పలుచని నూనె చుక్కలు చాలును. పూతవేసిన మేపుల్ పలకకు నూనె పనిలేదు, పొడిగుడ్డ చాలును. ఇంటిలోని కొబ్బరినూనె ఆరక, ధూళిని పట్టి ఉంచును. శుభ్రపఱచుటకై తీగలన్ని తీసినంత మాత్రమున మెడకు హాని లేదు. తేలియాడు బ్రిడ్జి గల గిటారులో మాత్రము తీగలు తీయగనే స్ప్రింగులు బ్రిడ్జిని లోనికి లాగును గనుక, చిన్న చెక్క ముక్కను దానిక్రింద ముందుగనే ఇఱికింపవలెను.

అపోహ 8: చెడినపుడే మరమ్మతు.

వాస్తవము: 1937లో బోధనులో స్థాపితమై దీర్ఘకాలము ఈ ప్రాంతపు జీవనాడిగ నుండిన నిజాం చక్కెర కర్మాగారమునందైనను, మఱి యే చక్కెర మిల్లునందైనను, యంత్రములను విప్పి చూచుట చెఱకు ఆడు ఋతువు ముగిసిన పిదప జరుగు నియత కార్యము, విఱుగువఱకు వేచియుండుట కాదు. గిటారుకును అట్టి ఋతుక్రమ మవసరము. తొలకరి కుదురుకొనిన పిదప ఒకమాఱు, దీపావళి దాటి గాలి ఆరిన పిదప ఒకమాఱు, క్రొత్త తీగలు వేసి, మెడ వంపు, తీగల ఎత్తు, పండ్రెండవ ఫ్రెట్ స్వరము, పికప్ దూరము, ఎర్త్ అను ఈ వరుసలో చూచి, ఆ కొలతలను ఒక నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. ఏ నాడు ఏ భాగము మార్చినది, పాట్ విలువ ఎంత, తీగల లావు ఎంత అనునవియు అందుండవలెను. మార్పులు చేసిన వాద్యమునకు కంపెనీ పుస్తకము చెల్లదు. ఆ నోటుపుస్తకమే దానికి కంపెనీ పుస్తకము.

అట్టి పుస్తకమున్నవానికి దూరపట్టణపు పనివానితో మాట్లాడునపుడు సైతము, "ఏదో రొద వచ్చుచున్నది" అని దీనముగ పలుకక, ఏ కొలత ఎప్పుడు ఎంత మారెనో నిశ్చయముగ చెప్పు శక్తి కలుగును. ఫ్రెట్లు సానపెట్టుట, క్రొత్త నట్ చెక్కుట, పగిలిన మెడ అతుకుట వంటి పనులు నిపుణునికే విడువవలసినవి. తక్కినవి, ఒక అల్లెన్ కీ, ఒక ఉక్కు స్కేలు, ఒక మల్టీమీటరు కలవాడు, తొందర లేనివాడైనచో, సిరికొండలోని తన ఇంటి అరుగుమీదనే చక్కబెట్టుకొనవచ్చును.