రెడ్‌మండ్‌లో పుట్టిన చప్పుడు

"ఆ చప్పుడు ఆపుతావా, లేదా?"

1990లలో మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించిన తెలుగు వాక్యం ఇదే. అన్నది నేను. పడ్డది మావాడు. గరాజ్ తలుపు వేసుకుని, ఎలక్ట్రిక్ గిటారు ఆంప్లిఫైయర్‌కి తగిలించి వాడు చేసే సాధనని నేను ఏనాడూ సంగీతం అనలేదు. ఘంటసాల, బాలమురళి క్యాసెట్లు సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి మోసుకొచ్చినవాణ్ణి మరి! వాడి గది గోడ మీద ఒక బృందం బొమ్మ ఉండేది. పేరు చదవబోతే నాకు నోరు తిరగలేదు. ఇంగ్లీషు వై అక్షరం నెత్తిన రెండు చుక్కలు. "ఇవేమిట్రా, దిష్టి చుక్కలా?" అంటే, "క్వీన్స్‌రైక్ నాన్నా. మన పక్క ఊరి వాళ్ళే" అన్నాడు.

నేను నమ్మలేదు. ఏ లండను వాళ్ళో అయివుంటారు, నన్ను మెత్తబరచడానికి వీడు ఇలా అంటున్నాడు అనుకున్నాను.

2022 అక్టోబరు 7న ఆ బృందం 'డిజిటల్ నాయిస్ అలయన్స్' పేరుతో కొత్త ఆల్బమ్ విడుదల చేసింది. స్టూడియో ఆల్బముల్లో అది వాళ్ళకి పదహారోది. ఆ శనివారం మావాడు భార్యాబిడ్డలతో భోజనానికి వచ్చి, రికార్డు నా చేతిలో పెట్టి, "నీ మాట వాళ్ళ దాకా వెళ్ళింది నాన్నా! పేరులోనే చప్పుడు పెట్టుకున్నారు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ రాత్రి నిద్రపట్టక, అసలు వీళ్ళెవరో చూద్దామని కూర్చున్నాను. తెల్లవారుజామున రెండయింది.

మావాడు ఆనాడు చెప్పింది అక్షరాలా నిజం. 1980ల మొదట్లో మన పక్కనున్న బెల్‌వ్యూలో మైకేల్ విల్టన్, క్రిస్ డిగార్మో, ఎడ్డీ జాక్సన్, స్కాట్ రాకెన్‌ఫీల్డ్ అనే నలుగురు కుర్రాళ్ళు 'ది మాబ్' అని ఒక బృందం పెట్టుకున్నారు. పాడేవాడు లేడు. జెఫ్ టేట్ అనే గాయకుణ్ణి బతిమాలి తెచ్చుకున్నారు. అతనికి అప్పటికే వేరే బృందం ఉంది. ఈ రకం పాటల మీద పెద్ద మోజు కూడా లేదట. 1982లో నాలుగు పాటలు రికార్డు చేశారు. ఎక్కడనుకున్నారు? మన రెడ్‌మండ్‌లో, ట్రయాడ్ స్టూడియోస్‌లో! నాలుగో పాటకి అప్పటికి మాటలు కూడా లేవు; వాటిని టేట్ రాశాడు. 'ది మాబ్' అనే పేరు వేరెవరో వాడుకుంటున్నారని తెలిసి, మొదటి పాట పేరునే కాస్త అటూ ఇటూ చేసి బృందానికి పెట్టుకున్నారు. ఆ పేరులో జర్మను నాజీల వాసన తగలకూడదని అక్షరాలు మార్చారు. ఆ చుక్కలు మాత్రం అలంకారమే. ఆ లెక్కన నేనన్న దిష్టి చుక్కల మాట మరీ అంత తప్పేం కాదు.

ఒక్కసారి ఆలోచించండి. 1982 నాటికి మనవాళ్ళలో సగం మందిని ఈ ఊరికి రప్పించిన మైక్రోసాఫ్ట్ కూడా బెల్‌వ్యూలోనే ఉంది. అది రెడ్‌మండ్‌కి మారింది 1986లో. అంటే మన ఉద్యోగాలకన్నా ముందే ఈ ఊళ్ళో హెవీ మెటల్ పుట్టింది. చప్పుడు చేస్తున్నారని వాళ్ళని నేను కోప్పడటం, అద్దెకొచ్చినవాడు ఇంటిగలవాణ్ణి కోప్పడినట్టుంది.

ఆ నాలుగు పాటల రికార్డు 1983లో మొదట '206 రికార్డ్స్' అనే చిన్న సంస్థ పేరుతో వచ్చింది. 206 అంటే సియాటిల్ టెలిఫోను కోడ్. ఆ ఏడాదే ఇ.ఎం.ఐ. అనే పెద్ద కంపెనీ దాన్ని తీసుకుని దేశమంతా అమ్మింది. ఆ తర్వాత వాళ్ళు వెనక్కి తిరిగి చూడలేదు. 1990లో వచ్చిన 'ఎంపైర్' ఒక్క అమెరికాలోనే ముప్ఫై లక్షలు దాటింది. అందులో డిగార్మో రాసిన 'సైలెంట్ లూసిడిటీ' 1991లో బిల్‌బోర్డ్ పట్టికలో తొమ్మిదో స్థానానికి ఎక్కింది. కలలో ఉండి కూడా ఇది కల అని తెలిసి ఉండటం గురించిన పాట అది. ఎంత నెమ్మదైన పాటంటే, మా ఆవిడ విని "ఇది జోలపాట కదండీ!" అంది. అదే ఏడు నిర్వానా వాళ్ళ 'నెవర్‌మైండ్' వచ్చింది. సియాటిల్ సంగీతం అంటే లోకానికి చింపిరి జుట్టు, గళ్ళ చొక్కా అయిపోయాయి. సరస్సుకి ఇవతలి ఒడ్డున ఉన్న ఈ కుర్రాళ్ళని తలచేవాళ్ళు తగ్గిపోయారు.

వాళ్ళు చేసిన వాటిలో నన్ను కూర్చోబెట్టింది 1988 నాటి 'ఆపరేషన్: మైండ్‌క్రైమ్'. అది విడివిడి పాటల కట్ట కాదు, మొదటినుంచి చివరిదాకా ఒకటే కథ. నికీ అనే మత్తుమందులకు బానిసైన కుర్రాడు ఆసుపత్రి మంచం మీద పడుకుని జరిగిందంతా గుర్తు చేసుకుంటూ ఉంటాడు. డాక్టర్ ఎక్స్ అనే దుర్మార్గుడు ఒక మాట చెప్పగానే ఇతను వెళ్ళి మనుషుల్ని చంపి వస్తుంటాడు. చివరికి తనకి ఆసరాగా ఉన్న సిస్టర్ మేరీనే చంపమంటాడు ఆ డాక్టరు. ఇతనికి చేతులు రావు. కానీ తర్వాత ఆమె శవమై కనిపిస్తుంది. ఎవరు చంపారో ఆ ఆల్బమ్‌లో తేల్చి చెప్పరు. నేను చిన్నప్పుడు మా ఊరి రామాలయం ముందు తెల్లవార్లూ హరికథ విన్నవాణ్ణి. పాట, మాట, మధ్యలో వాద్యం, మళ్ళీ పాట. కథ మాత్రం తెగకూడదు. ఆ పని వీళ్ళు గిటార్లతో చేశారు. మావాడి గదిలోంచి ఏడాది పొడుగునా ఆ హరికథ వినిపిస్తూనే ఉంది. నాకు చప్పుడుగా వినిపించింది.

ఆ గరుకు శబ్దం సంగతి కూడా అడిగి తెలుసుకున్నాను. ఆంప్లిఫైయర్ మోయగలిగిన దానికన్నా ఎక్కువ సంకేతం పంపిస్తే, తరంగం కొసలు తెగిపోయి గరగరలాడుతుంది. ఇంజనీర్లకి అది లోపం. వీళ్ళకి అదే కావాలి. మనం మాత్రం? తంబురా తీగ కింద సన్నని దారం దూర్చి, జుమ్మని మోగేదాకా సవరిస్తూ కూర్చోమూ?

ఇక అసలు సంగతి. ఆ కొత్త ఆల్బమ్ వచ్చేసరికి 1982 నాటి అయిదుగురిలో మిగిలింది ఇద్దరే, విల్టన్, జాక్సన్. డిగార్మో 1998లోనే తప్పుకుని తర్వాత విమానాలు నడిపే వృత్తిలోకి వెళ్ళాడు. 2012లో టేట్‌ని మిగతావాళ్ళు తీసేశారు. వ్యవహారం కింగ్ కౌంటీ కోర్టుకెక్కింది. తేలేదాకా ఇద్దరూ ఆ పేరు వాడుకోవచ్చన్నారు జడ్జిగారు. దాంతో 2013లో ఒకటే పేరుతో రెండు బృందాలు, రెండు ఆల్బములు! (ఇది చదివి మన సంఘాల చరిత్ర గుర్తొచ్చినవారు నన్ను క్షమించాలి. ఇద్దరు తెలుగువాళ్ళుంటే మూడు సంఘాలన్న మాట నేను పుట్టించింది కాదు.) 2014లో రాజీ కుదిరింది. పేరు మిగతావాళ్ళకి, 'మైండ్‌క్రైమ్' కథ మొత్తాన్ని వేదిక మీద పాడే హక్కు టేట్‌కి. ఇల్లు ఒకరికి, దేవుడి గది ఒకరికి పంచుకున్నట్టు.

టేట్ స్థానంలో టాడ్ లా టోర్ వచ్చాడు. 2019 ఆల్బమ్‌లో డ్రమ్ములు కూడా ఆయనే వాయించాడు. 2022 నాటికి డ్రమ్ములకి కేసీ గ్రిల్లో, రెండో గిటారుకి మునుపు కొన్నాళ్ళు ఉండి వెళ్ళిన మైక్ స్టోన్ చేరారు. "సగానికి పైగా కొత్తవాళ్ళే. ఇంకా అదే బృందం అంటారా?" అని మావాణ్ణి అడిగాను. వాడు ఎదురు అడిగాడు: "నువ్వు చూసిన సురభి నాటకాల్లో మొదటి వాళ్ళెవరైనా ఉన్నారా?" 1885లో కడప జిల్లాలో మొదలైన సమాజం అది. నేను నోరు మూసుకున్నాను. ఆల్బమ్ పెట్టాడు. 'ఫారెస్ట్' అనే నెమ్మది పాట దగ్గర మా ఆవిడ మళ్ళీ తల ఊపింది. మిగతావాటికి నా చెవులు ఇంకా పూర్తిగా అలవాటు పడలేదు, అబద్ధం ఎందుకు? కానీ చివరి పాట 'టార్మెంటమ్' అయ్యాక, మొదటి వైపు మళ్ళీ పెట్టమన్నది నేనే.

ఒకటి చెప్పకుండా దాటేస్తే బాగుండదు. 1997 ఉగాదికి మావాడు వేదిక మీద అయిదు నిమిషాలు అడిగాడు. త్యాగరాజ కీర్తన ఒకటి ఎలక్ట్రిక్ గిటారు మీద, వెనక డ్రమ్ములతో వాయిస్తానన్నాడు. మూడు నెలలు సాధన చేశాడు. కమిటీ కుదరదంది. ఆ కమిటీలో ఏడుగురం. ఓట్లు మూడూ మూడూ అయితే, ఆఖరున చెయ్యెత్తి వద్దన్నది నేను. నా కొడుకని మొహమాటపడ్డానని ఎవరూ అనకూడదని ఇంట్లో సమర్థించుకున్నాను. వాడేమీ అనలేదు. ఆ వేసవి యార్డ్ సేల్‌లో ఆంప్లిఫైయర్ తనే తెచ్చి బల్ల మీద పెట్టాడు. నలభై డాలర్లకి పోయింది.

ఆ కీర్తన ఏదని మొన్నే అడిగాను. "గుర్తులేదు నాన్నా" అన్నాడు. గుర్తుందని మా ఇద్దరికీ తెలుసు.

మనవరాలికి పన్నెండేళ్ళు. ఈసారి పండగ కార్యక్రమంలో అయిదు నిమిషాలు కావాలని కమిటీకి ఉత్తరం రాసింది. డ్రమ్ములు తనవి, గిటారు వాళ్ళ నాన్నది. ఆంప్లిఫైయర్ నేను కొన్నాను, కాస్త పెద్దదే. చప్పుడు సంగతి మాట్లాడదలచిన కమిటీ సభ్యులు నాకు ఫోను చేయాలి. పిల్ల జోలికి పోవద్దు.