పెట్ట ధరకు పుంజు పిల్లలు: పెరటి కోళ్ల బేరంలో ఏ గుర్తును నమ్మవచ్చు?

గంపలోని ఒకరోజు పిల్లలన్నీ చూపుకు ఒకేలా ఉంటాయి. ఏది పుంజో, ఏది పెట్టో, ఏ జాతిదో నిలకడగా తేలేందుకు రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటికి సొమ్ము చేతులు మారుతుంది, మేత ఖర్చు కూడా అయిపోతుంది. అందుచేత ఏ గుర్తు ఏ వయసులో చెల్లుతుందో వర్తకులు తెలిసి బేరం చేయడం మంచిది.

పొదిగిన గుడ్లలో పుంజులు, పెట్టలు సుమారు సగం సగం వస్తాయి. ఏరని కలగలుపు సరుకులో 100 పిల్లలకు 50 దాకా పెట్టలని లెక్క కట్టాలి. చిన్న లాటులో ఇది తప్పవచ్చు. 10 పిల్లల్లో 7 పుంజులు వచ్చినా వింత లేదు.

పుంజా, పెట్టా?

ఒకరోజు పిల్లల బేరంలో నమ్మదగిన పద్ధతులు ముఖ్యంగా మూడు. మొదటిది మలద్వారం లోపలి చిన్న బుడిపెను చూసి చెప్పడం. 1920లలో జపాన్‌లో రూపుదిద్దుకున్న ఈ విద్యలో ఆరితేరిన పనివాడు నూటికి 95కు పైగా సరిగా ఏరగలడు. కొత్త చేయి పిల్లను గాయపరుస్తుంది.

రెండవది రెక్క ఈకలు. పెద్ద ఈకలు పై వరుస ఈకలకన్నా బాగా పొడవుగా ఉంటే పెట్ట. రెండూ సమానంగా ఉన్నా, పెద్ద ఈకలే పొట్టిగా ఉన్నా పుంజు. అయితే ఈకలు త్వరగా వచ్చే వంశపు పుంజును, ఆలస్యంగా వచ్చే వంశపు పెట్టకు జతకట్టిన పిల్లల్లోనే ఇది పనిచేస్తుంది. అదీ మొదటి ఒకటి రెండు రోజులే. ఊళ్లో పొదిగించిన నాటు పిల్లల రెక్క విప్పి చూసి ఉపయోగం లేదు.

మూడవది నూగు రంగు. రోడ్ ఐలాండ్ రెడ్ పుంజుకు, చారల ప్లిమత్ రాక్ పెట్టకు పుట్టిన పిల్లల్లో తలపై తెల్లని మచ్చ ఉన్నవి పుంజులు, లేనివి పెట్టలు. తల్లి తండ్రి జాతులు తారుమారైతే ఈ తేడా కనిపించదు. ఆ పిల్లలు పెరిగి పెట్టిన గుడ్లకూ ఇది వర్తించదు.

కాళ్లు పట్టి వేలాడదీయడం, గుడ్డు మొన చూసి చెప్పడం వంటివి బేరానికి ఆధారం కావు.

నాలుగు నుంచి ఆరు వారాల్లో పుంజు పిల్లల జుట్టు ముందుగా పెరిగి ఎర్రబడుతుంది. జుట్టు చిన్నదిగా ఉండే అసిల్‌లో ఈ గుర్తు ఆలస్యం. సుమారు మూడు నెలలకు మెడ, నడుము ఈకలు పుంజుకు మొన తేలి, పెట్టకు గుండ్రంగా ఉంటాయి. అంతకు మించిన రుజువు అక్కరలేదు.

ఏ జాతి?

జాతి విషయంలో కంటిచూపు ఇంకా బలహీనం. అసిల్‌కు తలకు అణిగిన మూడు వరుసల జుట్టు ఉంటుంది. కాని ఈ లక్షణం సంకరంలోనూ దిగుతుంది కనుక అది ఉన్నంత మాత్రాన మేలు జాతి అని చెప్పలేము. కాకి, డేగ, నెమలి అనేవి పెద్ద కోడి ఈకల రంగును బట్టి పెట్టిన పేర్లు. పిల్ల నూగు చూసి ఆ పేరుతో ధర చెప్పడం ఊహే. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మధ్యప్రదేశ్ ఝాబువా కడక్‌నాథ్ సంగతీ అంతే. చర్మంలోని నలుపు సంకర పిల్లల్లోనూ కొంత కనిపిస్తుంది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా గుడ్లకు, మాంసానికి పనికివస్తుంది. గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల రకం. రెండూ రంగురంగుల సంకరాలే కనుక ఈకలు చూసి విడదీయడం కష్టం. వీటి గుడ్లను ఊళ్లో పొదిగించి తీసిన పిల్లలకు అదే పేరు, అదే ధర తగవు.

రసీదులో ఏముండాలి?

తేలేదేమంటే, పిల్ల ధరలో జాతికి ఇచ్చే భాగం నిజానికి తల్లిదండ్రుల చరిత్రకు ఇచ్చే సొమ్ము. హేచరీ రసీదులో రకం పేరు, పొదిగి తీసిన తేదీ, కలగలుపా లేక ఏరిన పెట్టలా, ఏ పద్ధతిన ఏరారు, నూటికి ఎన్ని పుంజులు వస్తే సర్దుబాటు ఇస్తారు అన్న అయిదూ రాయించుకోవాలి. ఇవి లేని సరుకును కలగలుపు ధరకు మించి కొనకపోవడమే క్షేమం. తప్పనిసరిగా పెట్టలే కావలసినవారు ధర ఎక్కువైనా గుర్తులు తేలిన పిల్లలను కొంటే నష్టభయం తగ్గుతుంది. గుడ్ల కోసం కొన్నవారికి పుంజు మేత తింటుందే గాని బుట్ట నింపదు.