వినడమూ నేర్చుకోవాల్సిన విద్యే

రోగి మంచం పక్కన కూర్చుని ధైర్యం చెప్పడానికి భక్తి ఒక్కటే చాలదు, శిక్షణ కావాలి. అమెరికాలో ఆంటన్ బోయిసెన్ అనే పాస్టరు 1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ మానసిక ఆసుపత్రిలో వేదాంత విద్యార్థులకు ఈ చదువు మొదలుపెట్టారు. అంతకుముందు తానే మానసిక రోగిగా ఆసుపత్రిలో గడిపిన మనిషి ఆయన. ఇప్పుడు అమెరికాలో ఈ శిక్షణలో ఒక యూనిట్ అంటే కనీసం 400 గంటలు. వార్డులో పనిచేస్తూనే విద్యార్థి రోగితో జరిగిన సంభాషణను మాట పొల్లుపోకుండా గుర్తుచేసుకుని రాసుకొస్తాడు. "భయంగా ఉంది" అన్న రోగికి "దేవుడున్నాడు లెండి" అని మాట తుంచేశాడనుకోండి, అసలు భయపడింది ఎవరని గురువు నిలదీస్తారు.

కరుణ బడిలో వస్తుందా అన్నది కొందరి అభ్యంతరం. రాదు, నిజమే. కానీ తొందరపడి ఓదార్చే అలవాటును మాన్పించవచ్చు. మతం రుద్దుతారేమోనన్న అనుమానానికీ ఆ రాతే జవాబు: రుద్దిన మాట కాగితం మీద గురువు కంట పడుతుంది. ఇలా వినగలిగే మనిషి మన ఆసుపత్రుల్లోనూ వార్డుకొకరైనా ఉండాలి.