బస్సు కప్పు లేపే ముందు

అమెరికాలో బడిపిల్లల్ని మోసి మోసి పాతబడిన పసుపు బస్సు వేలంలో సెకండ్‌హ్యాండ్ కారు ధరకే దొరుకుతుంది. సీట్లు పీకేసి, పొయ్యి, పడక, స్నానాలగది అమర్చుకుంటే అదే ఇల్లు. ‘స్కూలీ’ అంటారు. ఈ మోజు మనవాళ్లకు అంటుకుంటే ఆశ్చర్యపోను. పని ఎక్కడుంటే అక్కడికి కాపురం ఎత్తుకుపోవడం పాలమూరుకు కొత్తేమీ కాదు. దేశంలో ఏ ఆనకట్ట దగ్గర చూసినా పాలమూరు కూలీల గుడారాలు కనిపించేవి.

కాపురం పెట్టబోగానే తలకు తగిలే సమస్య ఎత్తు. ఈ బస్సుల్లో నడిమధ్యన కొన్నిటికి ఆరడుగులు, కొన్నిటికి దాదాపు ఆరున్నర ఉంటుంది. పక్కలకు పోతే కప్పు వంగిపోతుంది. వేడి, చలి ఆగడానికి కింద పలక, పైన ఫోము వేస్తే మూడు నాలుగు అంగుళాలు అందులోనే పోతాయి. అందుకే కొందరు కప్పును అడుగు, అడుగున్నర పైకి లేపుతారు.

బయటినుంచి రేకు డబ్బాలా కనిపించినా బస్సు బలమంతా ఇనుప రిబ్బుల్లో ఉంది. సాధారణంగా ఒక్కో రిబ్బు ఒకవైపు గోడలో మొదలై, కప్పు మీదుగా వంగి, అవతలి గోడలోకి దిగుతుంది. కప్పు లేపడమంటే వీటన్నిటినీ కిటికీల ఎత్తులో కోయడమే. కోసేముందు లోపల అడ్డంగా, ఏటవాలుగా ఇనుప గొట్టాలు వెల్డింగు చేసి బస్సు ఆకారం బిగించాలి. తిరిగి కలిపేటప్పుడు ఏది దేనికి ఎదురుగా రావాలో తెలిసేలా ప్రతి రిబ్బుకూ పైనా కిందా ఒకే నంబరు వేయాలి. శ్రీశైలం జలాశయం నీళ్లు రాకముందు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి కట్టినప్పుడు రాళ్లకు నంబర్లు వేసిందీ ఇందుకే. ఆ తర్వాత అన్ని మూలలా జాకీలు పెట్టి, అంగుళం అంగుళం సమానంగా ఎత్తాలి. ఒక మూల తొందరపడితే కప్పు మెలిపడుతుంది. కోసిన సందులో అదే మందం ఉక్కు ముక్కను, రెండు కొసలా రిబ్బు లోపలికి చొచ్చుకునేంత పొడవుగా పెట్టి వెల్డింగు చేయాలి. కొస కొసకు ఆనించి అతికిస్తే చాలదు. చివరగా రేకులు తొడిగి రివిట్లు కొట్టాలి.

అమెరికాలో 1977 ఏప్రిల్ నుంచి స్కూలు బస్సు బోల్తా పడినా నలగకూడదని ఒక నిబంధన ఉంది. బస్సు ఖాళీ బరువుకు ఒకటిన్నర రెట్లు కప్పు మీద మోపినా అది 130 మిల్లీమీటర్లకు మించి కుంగకూడదు. అత్యవసర ద్వారాలూ తెరుచుకోవాలి. మీరు రంపం పెట్టిన మరుక్షణం ఆ పరీక్ష ఫలితం చెల్లదు. బీమా కంపెనీలు కప్పు లేపిన బస్సంటే జంకేది ఇందుకే. ముందు బీమా సంగతి తేల్చుకుని, తర్వాతే జాకీలు కొనండి. మొత్తం ఎత్తు చాలా రాష్ట్రాల్లో 13 అడుగుల 6 అంగుళాలు దాటకూడదు. నన్నడిగితే, ఆరడుగుల లోపు మనిషి ఆరున్నర అడుగుల బస్సు వెతుక్కుంటే ఈ తంటాయే ఉండదు.

ఎత్తు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది కిటికీలు మూసేయడం. కప్పు లేపేవాళ్లు గోడ కోసం సగం కిటికీలకు రేకు కొట్టేస్తారు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున పాలమూరు జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొని బస్సు అంటుకుంటే 45 మంది బయటపడే దారిలేక కాలిపోయారు. వంటగ్యాసు, పడక ఒకే డబ్బాలో ఉన్నప్పుడు వెనక తలుపును అల్మారాతో మూయకండి. పడకకు దగ్గరగా ఒక కిటికీ, కప్పులో ఒక మూత బయటికి తెరుచుకునేలా ఉంచండి.

మన దగ్గర రోడ్డు మీద తిప్పే బండికి ఇలా కప్పు లేపడం కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని మార్చనివ్వదు. సుప్రీంకోర్టు 2019లో అదే ఖరారు చేసింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వచ్చాయి.

తుక్కు కింద అమ్మిన బస్సును రిజిస్ట్రేషన్ రద్దయ్యాక నల్లగొండ చెలకలో గదిగా నిలబెట్టుకోవడం వేరే సంగతి. అక్కడ కప్పు లేపినందుకు అసలు లాభం ఎండ దగ్గర తెలుస్తుంది. మే నెలలో రేకు కింద కూర్చోలేం. పెరిగిన ఎత్తులో నాలుగంగుళాలు ఫోముకు వదిలి, పైన గాలాడేలా ఇంకో రేకు పందిరి వేస్తే మట్టిమిద్దెంత కాకపోయినా ఉండగలిగే చల్లదనం వస్తుంది. టైర్లు తీసేసి చాసిస్‌ను కాంక్రీటు దిమ్మెలకు బోల్టులతో బిగించండి. గోడలు ఎత్తయ్యేకొద్దీ ఈదురుగాలికి పట్టు పెరుగుతుంది.