యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపాలి? రక్తపరీక్ష చూపే దారి

సెప్సిస్‌తో ఐసీయూలో చేరిన రోగికి యాంటీబయాటిక్ మొదలుపెట్టడానికి వైద్యులు వెనుకాడరు. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. అసలు సందిగ్ధం ఐదో రోజో, ఆరో రోజో మొదలవుతుంది. జ్వరం తగ్గింది, రక్తపోటు నిలకడగా ఉంది. ఇక మందు ఆపవచ్చా? తొందరపడి ఆపితే ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టవచ్చు. అవసరానికి మించి కొనసాగిస్తే పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియా నశించి, మందులకు లొంగని రకాలకు చోటు దొరుకుతుంది. ఏడు, పది, పద్నాలుగు రోజులంటూ చాలాకాలం కేలండరే ఈ నిర్ణయం చేస్తూ వచ్చింది.

కేలండర్‌కు బదులు రోగి రక్తాన్నే ఆధారం చేసుకోవచ్చన్న ఆలోచనకు మూలం ప్రోకాల్సిటోనిన్ అనే ప్రొటీన్. మామూలుగా దీన్ని థైరాయిడ్ గ్రంథి తయారుచేసి, కాల్సిటోనిన్ హార్మోనుగా మార్చేస్తుంది. అందువల్ల ఆరోగ్యవంతుల రక్తంలో ఇది దాదాపు కనిపించదు. తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ సోకితే మాత్రం కాలేయం సహా అనేక అవయవాల కణాలు దీన్ని నేరుగా రక్తంలోకి వదులుతాయి. కొన్ని గంటల్లోనే దాని స్థాయి పెరుగుతుంది. ఇన్‌ఫెక్షన్ అదుపులోకి వచ్చాక రోజుకు సుమారు సగం చొప్పున పడిపోతుంది.

ఈ పతనాన్నే ఆపే గుర్తుగా వాడవచ్చా అని నెదర్లాండ్స్ పరిశోధకులు 15 ఐసీయూల్లో 1,500 మందికి పైగా రోగులపై పరీక్షించారు. ప్రోకాల్సిటోనిన్ గరిష్ఠ స్థాయి నుంచి 80 శాతం తగ్గినా, లీటరుకు 0.5 మైక్రోగ్రాములకు దిగినా మందు ఆపమని వైద్యులకు సూచించారు. తుది నిర్ణయం వైద్యులదే. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం, చికిత్స మధ్యగత కాలం 7 రోజుల నుంచి 5 రోజులకు తగ్గింది. 28 రోజుల్లో మరణాలు సాధారణ చికిత్స పొందినవారిలో 25 శాతం కాగా, ఈ పద్ధతిలో 20 శాతం.

బ్రిటన్‌లో 2,760 మందితో జరిగిన అధ్యయనం 2024 డిసెంబరులో వెలువడింది. ఇందులో వైద్యులకు రక్తపరీక్ష అంకెలు చూపలేదు, రోజూ సలహా మాత్రమే అందించారు. ప్రోకాల్సిటోనిన్ ఆధారంగా సలహా ఇచ్చినప్పుడు చికిత్స సగటున ఒక రోజుకు కాస్త తక్కువగా తగ్గింది. మరణాల విషయంలోనూ ఈ పద్ధతి సాధారణ చికిత్సకు తీసిపోలేదు. అయితే తక్కువ ఖర్చుతో చాలా ల్యాబుల్లో దొరికే సీఆర్‌పీ పరీక్షతో చికిత్స కాలం తగ్గలేదు. ఖర్చు లెక్క చూసుకోవాల్సిన మన ఆసుపత్రులకు ఇది నిరాశ కలిగించే విషయమే.

ప్రోకాల్సిటోనిన్‌కూ పరిమితులున్నాయి. పెద్ద శస్త్రచికిత్సలు, కాలిన గాయాలు, మూత్రపిండాల వైఫల్యం వల్ల కూడా ఇది పెరగవచ్చు. ఒక్కసారి వచ్చిన అంకె కంటే రోజురోజుకూ వచ్చే మార్పే ముఖ్యం. గుండె కవాటాలు, ఎముకల ఇన్‌ఫెక్షన్ల వంటివాటికి దీర్ఘకాల చికిత్స తప్పదు. క్షయకు ఈ సూత్రం వర్తించదు. ఇంట్లో మాత్రలు వాడుతున్నవారు జ్వరం తగ్గిందని సొంతంగా మానేయడానికీ ఇది అనుమతి కాదు.

రోగిని పరిశీలించే వైద్యుడి స్థానాన్ని ఏ రక్తపరీక్షా భర్తీ చేయలేదు. కానీ ‘ఎందుకైనా మంచిది, ఇంకో రెండు రోజులు ఇద్దాం’ అనే అలవాటును ప్రశ్నించడానికి ఇప్పుడు వైద్యుడి చేతిలో ఒక కొలత ఉంది.