చెరువు ఎండినా తుంగ చావదు

అనంతపురం నుంచి కదిరికి పోయే దారిలో, ధర్మవరానికి దగ్గరగా, బత్తలపల్లి ఉంది. మన దేశంలో బాగా తక్కువ వాన కురిసే ప్రాంతాల్లో ఇదొకటి. నైరుతి ఋతుపవనాలు తెచ్చే మేఘాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. అందువల్ల ఇక్కడ సంవత్సరానికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. చిత్రావతి నదిలో ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపిస్తుంది. చిన్న చెరువులు వేసవి ముదరక ముందే అడుగంటి, నేల నెర్రెలు విచ్చుతుంది.

అటువంటి చెరువుకు ఒక మంచి వానతో నీళ్లు వచ్చాయనుకోండి. కొద్ది రోజులు గడిచేసరికి తడి అంచు పొడవునా పచ్చని సూదుల వంటి మొలకలు బారులు తీరతాయి. ఎవరూ విత్తనం చల్లలేదు. ఎవరూ నారు నాటలేదు. మరి అవి ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ మొక్క పేరు తుంగ. దాని రహస్యం నేల కింద ఉంది. దాన్ని తెలుసుకొనే ముందు నేల పైన ఉన్న భాగాన్ని చూద్దాం.

గడ్డి కాని గడ్డి

చూడగానే తుంగను గడ్డి అనుకుంటాం. నిజానికి రెండూ వేరు వేరు కుటుంబాలు. గడ్డి, వరి, జొన్న ఒక కుటుంబానికి చెందితే, తుంగ 'సైపరేసీ' అనే కుటుంబానికి చెందుతుంది. ప్రపంచంలో ఈ కుటుంబానికి చెందిన జాతులు సుమారు 5,500 ఉన్నాయి.

వీటిని గుర్తుపట్టడానికి మీ వేళ్లే చాలు. తుంగ కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించండి. మూడు అంచులు తగులుతాయి. బ్లేడుతో అడ్డంగా కోస్తే ముక్కోణం కనిపిస్తుంది. ఆకులు కూడా కాడ చుట్టూ మూడు వరుసల్లో వస్తాయి. గడ్డికాడ అయితే గుండ్రంగా దొర్లుతుంది. దానికి కణుపులు ఉంటాయి. ఆకులు రెండే వరుసల్లో వస్తాయి. తుంగజాతిలో గుండ్రని కాడలు కలవి కూడా కొన్ని ఉన్నాయి గాని, చాలావాటికి ఈ ముక్కోణమే గుర్తు.

చెరువులో మనిషెత్తు పెరిగి, కొవ్వొత్తి వంటి గోధుమరంగు కంకి వేసే జమ్మును కూడా కొందరు తుంగ అనుకుంటారు. అది వేరే కుటుంబం. దాని ఆకులు బల్లపరుపుగా, పట్టీల్లాగా ఉంటాయి.

ముక్కోణపు కాడ వల్ల లాభం ఏమిటి? ఇంగ్లండులో రోలండ్ ఎన్నోస్ అనే శాస్త్రజ్ఞుడు 1993లో తుంగ కుటుంబానికే చెందిన ఒక మొక్కను ఈ దృష్టితో పరిశీలించాడు. ఆ కాడ వంగడానికి తేలికగా లొంగదు. మెలిపడడానికి మాత్రం తేలికగా లొంగుతుంది. అంటే గాలి వీచినప్పుడు విరగకుండా, గాలివాటుకు తిరిగిపోతుంది. ఆ గాలే తుంగకు పరాగాన్ని కూడా మోస్తుంది. అందుకే దాని పూలకు రంగు రేకులు లేవు, తేనె లేదు. కాడ చివర గొడుగు ఊచల్లాగా విచ్చుకొన్న గోధుమరంగు కంకులే దాని పూలు.

చెరువు అంచున ఎవరి చోటు వారిది

నీళ్లు నిలిచి ఉన్నచోట పొడవైన తుంగలు పెరుగుతాయి. వాటి వేళ్లు ఉండేది బురదలో. నీళ్లతో నిండిన బురదలో ఆక్సిజన్ బహు తక్కువ. వేళ్లకు శ్వాస ఎలా అందాలి? ఈ మొక్కల కాడల్లోను, వేళ్లలోను సన్నని గాలి గదులు ఉంటాయి. పైన పీల్చిన గాలి ఆ దారిన వేళ్లదాకా దిగుతుంది. కాడ బెండులాగా మెత్తగా, తేలికగా ఉండేది అందుకే. ఇటువంటి కాడలను చీల్చి, ఎండబెట్టి చాపలు అల్లుతారు. తమిళనాడులో తిరునల్వేలి దగ్గర ఉన్న పత్తమడై చాపలకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించింది. ప్రాచీన ఈజిప్టులో కాగితంలాగా వాడిన పపైరస్ కూడా తుంగే. అది నాలుగైదు మీటర్లు పెరుగుతుంది.

నీళ్లకు కాస్త పైన, తేమ అంచున పెరిగేది పొట్టి తుంగ. దీనినే తుంగముస్తె అంటాం. 1753లో లిన్నేయస్ దీనికి 'సైపరస్ రోటండస్' అని పేరు పెట్టాడు. 'రోటండస్' అంటే గుండ్రనిది. గుండ్రనిది కాడ కాదు, వేరు గడ్డ. ఇందాక చెప్పిన రహస్యం ఈ గడ్డలోనే ఉంది.

నేల కింద గొలుసు

ఒక తుంగముస్తెను మట్టితో సహా జాగ్రత్తగా పెళ్లగించి నీళ్లలో కడగండి. సన్నని దారం వంటి కాడకు నల్లని గడ్డలు ఒకదాని తరువాత ఒకటి గుచ్చినట్లు కనిపిస్తాయి. ఈ దారం వేరు కాదు, నేలలో అడ్డంగా పాకే కాండం. ప్రతి గడ్డా పిండిపదార్థంతో నిండిన కొట్టు. దాని మీద కొత్త మొక్కనిచ్చే మొగ్గలు ఉంటాయి. తుంగముస్తె విత్తనాలు మొలిచేది అరుదు. దాని సంతతి అంతా ఈ గడ్డల మీదే ఆధారపడి ఉంది.

చెరువు నిండి గడ్డ మునిగిపోతే, గాలి చాలక మొలకెత్తకుండా నిద్రపోతుంది. చెరువు ఎండితే పైన ఆకులు మాడిపోతాయి. కాని నెర్రెల కింద, ఒండ్రు మట్టి లోపలి పొరలో కొంత తేమ దాగి ఉంటుంది. గడ్డకు ఆ తేమే చాలు. మళ్లీ వాన పడి పదును చిక్కగానే లేస్తుంది. 2021 నవంబరులో భారీ వానలకు చిత్రావతి పొంగింది. అటువంటి వరదలో ఒడ్డు కోసుకుపోయినప్పుడు గడ్డలు నీళ్లవెంట కొట్టుకుపోయి, ఒండ్రుతోపాటు కొత్తచోట చేరతాయి.

చేలో అడుగుపెడితే

చెరువు అంచున ఈ బలం మంచిదే. వేళ్ల అల్లిక ఒడ్డు మట్టిని పట్టి ఉంచుతుంది. పొడవైన తుంగ గుబుర్లలో చేపపిల్లలు దాక్కుంటాయి, నీటికోళ్లు గూళ్లు కడతాయి. ఆయకట్టు చేలలో అడుగుపెట్టిందా, అదే బలం రైతుకు శత్రువవుతుంది. అమెరికాలో లెరాయ్ హోమ్, ఆయన సహచరులు 1977లో ప్రపంచంలోని కలుపుమొక్కల మీద ఒక పెద్ద గ్రంథం ప్రచురించారు. అందులో తుంగముస్తెకే మొదటి స్థానం! 90కి పైగా దేశాల్లో, 52 రకాల పైర్లలో ఇది కలుపుగా ఉన్నదని వారు లెక్క చెప్పారు.

వేరుశనగ పండించే ఈ సీమలో దీనికి మరొక అనుకూలం ఉంది. వేరుశనగ, వరి వంటి మొక్కల కన్న తుంగముస్తె ఎండలో ఎక్కువ సమర్థంగా ఆహారం తయారుచేసుకుంటుంది. జొన్న, మొక్కజొన్న, చెరకు మాదిరిగానే కార్బన్ డయాక్సైడును ముందు నాలుగు కార్బన్‌లున్న పదార్థంగా పట్టి, తరువాత చక్కెరగా మారుస్తుంది. దీనివల్ల మండుటెండలోనూ తక్కువ నీటితో పని జరుగుతుంది.

ఇక్కడే మనం ఆలోచించవలసిన విషయం ఉంది. గొలుసు తెగకుండా ఉన్నంతకాలం కొసన ఉన్న గడ్డ మిగిలిన గడ్డల మొగ్గలను అణచి ఉంచుతుంది. తేమగా ఉన్నప్పుడు నాగలి గాని తొలిక గాని తగిలితే గొలుసు ముక్కలవుతుంది. అణచేది పోయింది గనుక విడిపోయిన గడ్డలు మొలకెత్తుతాయి. నెల, నెలన్నర లోపే కొత్త గడ్డలు కట్టడం మొదలవుతుంది. కలుపు తీశామనుకున్నచోట కలుపు నాటినట్లయింది!

అయితే దీన్ని ఓడించేదెలా? దాని బలం తెలిస్తే బలహీనత కూడా తెలుస్తుంది. గడ్డ బతికేది తేమ మీద కదా! వేసవిలో లోతుగా దున్ని గడ్డలను పైకి తెస్తే, రోజుల తరబడి ఎండకు ఎండి చస్తాయి. గడ్డల్లో ఎక్కువ భాగం జానెడు లోతులోపే ఉండడం ఇందుకు కలిసివస్తుంది. రెండోది నీడ. ఎండలో బలవంతుడైన తుంగ నీడలో దుర్బలుడు. జనుము, అలసంద వంటి దట్టంగా కమ్ముకొనే పైరు వేస్తే దానికి ఊపిరాడదు. అంటే ఒకే పని, దున్నడం, వానలో చేస్తే తుంగకు మేలు, వేసవిలో చేస్తే రైతుకు మేలు. శాస్త్రం పొలంలో ఉపయోగపడేది ఇలాగే.

పనికిరానిదేమీ కాదు

ఎండిన గడ్డకు మంచి వాసన ఉంటుంది. అందుకే మూలికల అంగళ్లలో తుంగముస్తెలు అమ్ముతారు. ఆయుర్వేదంలో వీటికి 'ముస్తా' అని పేరు. అడవిపందులకు ఇవి ఎంత ఇష్టమో కాళిదాసుకు కూడా తెలుసు. 'అభిజ్ఞాన శాకుంతలం' రెండవ అంకంలో, మడుగుల్లో ముస్తెలను పెళ్లగించే పందుల ప్రస్తావన ఉంది.

మీరే చేసి చూడండి

పెద్దవాళ్లను తోడు తీసుకొని మీ ఊరి చెరువు గట్టుకు వెళ్లండి. బురదలోకి దిగవద్దు. అంచున దొరికిన పది తుంగగడ్డలు తెచ్చి అయిదేసి చొప్పున రెండు భాగాలు చేయండి. మొదటి అయిదింటిని వెంటనే తడిమట్టి ఉన్న కుండీలో పాతండి. మిగిలిన అయిదింటిని రెండు వారాలు మంచి ఎండలో ఆరబెట్టి, ఆ తరువాత మరొక కుండీలో పాతండి. ఏ కుండీలో ఎన్ని మొలిచాయో, ఎన్నాళ్లకు మొలిచాయో రాసిపెట్టుకోండి. పని అయ్యాక గడ్డలను చేలో మాత్రం పారవేయకండి. ఎందుకో మీకు ఇప్పుడు తెలుసు!