కారు నేలలో కలిసిపోతున్న బ్యాటరీ

డబ్లిన్ లో మన తెలుగువాళ్ళు ఇద్దరు కలిస్తే ఇళ్ళ ధరల తర్వాత వచ్చే కబుర్లు ఎలక్ట్రిక్ కార్లవే. రేంజ్ ఎంత, చార్జింగ్ కి ఎంతవుతుంది అని అడుగుతాం గానీ, వందల కిలోల ఆ బ్యాటరీని కారులో ఎలా అమర్చారో అడిగేవాళ్ళు తక్కువ. కానీ రేపు రిపేరు ఖర్చు తేల్చేది ఆ అమరికే!

ఐర్లండ్ కి బ్యాటరీ బరువు కొత్త కాదు. డాక్టర్ జేమ్స్ డ్రమ్ రూపొందించిన నికెల్-జింక్ బ్యాటరీలతో 1932 నుంచి 1949 దాకా డబ్లిన్-బ్రే మధ్య రైళ్ళు నడిచాయి. టన్నుల బరువున్నా పట్టాలు మోశాయి. కారుకి ఆ వెసులుబాటు లేదు కదా.

2010లో వచ్చిన మొదటి నిస్సాన్ లీఫ్ నే తీసుకోండి. నాలుగేసి సెల్స్ ఒక మాడ్యూల్, అలాంటివి 48, వాటన్నిటికీ ఒక పెట్టె, ఆ పెట్టెని కారు అడుగున బోల్టులతో బిగించారు. డబ్బాలో డబ్బా అన్నమాట. ప్రతి డబ్బా బరువు పెంచుతుందే గానీ ఒక్క కిలోమీటరు కూడా అదనంగా నడిపించదు. అందుకే ఇంజనీర్లు ముందు మాడ్యూల్స్ తీసేశారు. ఆ తర్వాత బీవైడీ సీల్ లాంటి కార్లలో బ్యాటరీ పైమూతనే కారు నేలగా మార్చారు. టెస్లా తన టెక్సాస్ ఫ్యాక్టరీలో చేసిన కొన్ని మోడల్ వై కార్లలో సీట్లని నేరుగా బ్యాటరీ మీదే బిగించింది. ఇంటికి దూలం లాగా బ్యాటరీ కూడా బరువు మోస్తుంది.

మరి భద్రత? ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్క సెల్ కి అంటుకోకుండా ఆపడమే అసలు విద్య. గాల్వే దగ్గర జీరోటెక్ అనే కంపెనీ గనుల్లో, నిర్మాణాల్లో వాడే యంత్రాల కోసం ఈ పనే చేసింది. లోహపు గొట్టాల బదులు సెల్స్ మధ్య మెత్తగా వంగే తేలికైన కూలింగ్ గొట్టాలు, చుట్టూ మంటని అడ్డుకునే ఫోమ్. మంచి ఆలోచన, కానీ కంపెనీ 2024లో మూతపడింది.

చిక్కల్లా ఇక్కడే. ఫోమ్, జిగురు గట్టిపడ్డాక లోపలి ఒక్క సెల్ ని విడిగా తీయడం దాదాపు అసాధ్యం. లీఫ్ లో పాడైన మాడ్యూల్ ఒక్కటే మార్చుకోవచ్చు. కలిసిపోయిన ప్యాక్ కి అడుగున గట్టి దెబ్బ తగిలితే మొత్తం ప్యాక్ మార్చాల్సి రావచ్చు. అప్పుడు కారుని రిపేరు చేయించడం కంటే రైటాఫ్ చేయడమే ఇన్సూరెన్స్ వాళ్ళకి లాభం. చాలా కంపెనీలిచ్చే 8 ఏళ్ళ బ్యాటరీ వారంటీ ఇలాంటి దెబ్బలకి వర్తించదు.

మూడేళ్ళు వాడి మార్చేసేవారికి ఇది పెద్ద బెంగ కాదు. పదేళ్ళు ఉంచుకుందామనుకుంటే మాత్రం మాడ్యూల్స్ విడిగా మార్చగలిగే కారే మేలని నా అభిప్రాయం. సెకండ్ హ్యాండ్ కారైతే ర్యాంప్ ఎక్కించి అడుగున సొట్టలు చూడండి. టైరు మార్చే షాపులో జాక్ ని బ్యాటరీ కింద పెట్టనివ్వకండి, దానికి పక్కన వేరే చోట్లు గుర్తుపెట్టి ఉంటాయి.